ఎంపిక ఎవరిది?

యానాం పట్టణమునకు ఒకప్పుడు కల్యాణపురమను మారుపేరు ఉండెను. ఆ పేరు విన్నవారు అచ్చట ఏ దేవుని కల్యాణమో ఘనముగా జరిగెడిదని తలచుట సహజము. కారణము వేరు. ఆంగ్ల ప్రభుత్వము 1929లో బాల్యవివాహ నిరోధక శాసనమును చేసి, 1930 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలు జరిపెను. జనవ్యవహారమున అది శారదా చట్టము. 14 ఏండ్లు నిండని బాలికకును 18 ఏండ్లు నిండని బాలునకును పెండ్లి చేయుట నాటినుండి నేరమయ్యెను. యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండుటచే ఆ శాసనము దాని పొలిమేర దాటలేదు. కావున పెండ్లివారే పొలిమేర దాటి వచ్చిరి. నాలుగు దిక్కుల ఆంగ్లరాజ్యమే ఉన్న ఆ చిన్న ఊరికి పసిపిల్లలను తెచ్చి, తలంబ్రాలు పోయించి, మరల తమ ఊళ్లకు తీసికొనిపోయెడివారు. చట్టము చూచుచుండగనే చట్టమును తప్పించుకొనుటకు గోదావరి పాయ యొకటి దాటిన చాలునన్నమాట.

ఆ పెండ్లిలో ఎంపికలకు కొదవ లేదు. ఏ ముహూర్తమునకు బయలుదేరవలెను, పడవలో పోవలెనా బండిలో పోవలెనా, ఎందరు బంధువులను పిలువవలెను, తిరిగి వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగులకు ఏమి చెప్పవలెను అని ఇంటి యజమాని అన్నియు ఆలోచించెను. చట్టము ఒక దారి మూసెను. పొలిమేర ఇంకొక దారి తెరచెను. ఆయన రెండవ దారిని ఎన్నుకొనెను. కథ రెండు కొమ్మలుగా చీలిన చోట నిలిచి విచారించినవాడు ఆయన. ఆ కథ ఎవరి బ్రతుకో ఆ బాలిక ఆ సమయమున తల్లి ఒడిలో నిద్రపోవుచుండవచ్చును.

ఈ పాత ముచ్చట నిచ్చట తలచుటకు హేతువు కలదు. నేటి వీడియో ఆటలలో కథయే ప్రాణముగా గల తెగ యొకటి బయలుదేరినది. అందు పరుగులును తుపాకులును అప్రధానములు. మాటలును నిర్ణయములును ప్రధానములు. తెరపై ఒక పాత్ర నిలుచును. ఎదుటివాడు ఏదో యడుగును. జవాబులు రెండో మూడో నాలుగో కనబడును. ఆటగాడు ఒకదానిని నొక్కును. కథ ఆ వైపునకు మరలును. నిజము చెప్పినచో ఒక స్నేహము నిలుచును. అబద్ధమాడినచో ఒక ప్రాణము దక్కును. ఏది నొక్కినను మరియొకటి పోవును. నవల చదువువాడు నాయకుని తప్పునకు వగచునే కాని ఆపలేడు. ఈ ఆట ఆడువాడు ఆపగలడు, లేదా ఆపగలనని నమ్మును. ఆ నమ్మకముపైననే ఈ కళ నిలిచియున్నది. అది ఎంతవరకు సత్యము, అందులో ఇతర పాత్రల వాటా ఎంత అనునవి సాహిత్యమును ప్రేమించువారు విచారింపదగిన ప్రశ్నలే. ఇది పిల్లకాయల వేడుక యని తోసిపుచ్చుట తగదు. నాటకమును, ఆ పిమ్మట సినిమాను మన పెద్దలు కొందరు ఇట్లే తోసిపుచ్చిరి.

కొమ్మలు చీలు కథ మనకు బొత్తిగా క్రొత్తది కాదు. చందమామ చదివి పెరిగిన తెలుగువారికి బేతాళుని షరతు కంఠస్థము. జవాబు తెలిసియు చెప్పకున్నచో రాజు తల పగులును. చెప్పినచో మౌనభంగమై శవము చెట్టెక్కును. రాజు ముందు రెండు దారులున్నవి, రెండును బేతాళుడు వేసినవే. కత్తియు కిరీటమును గలవాడు రాజు. అధికారము మాత్రము భుజముపై వ్రేలాడు శవములో నున్న బేతాళునిది. వైకుంఠపాళి ఇంతకంటె నిష్కపటము: అందులో ఎంపిక అనునదే లేదు, గవ్వ పడినట్లు నిచ్చెన ఎక్కుటయో పాము నోట పడుటయో జరుగును. పాశ్చాత్యులలో బోర్హెస్ 1941లో దారులు చీలు తోటను గూర్చి కథ వ్రాసెను. 1979లో ఎడ్వర్డ్ ప్యాకార్డ్ వ్రాసిన ‘కాలగుహ’ అను బాలల పుస్తకము చదువరినే నాయకుని చేసి, ఈ పని చేయదలచినచో ఫలానా పుటకు పొమ్మని చెప్పెను. నేటి ఆటలకు దగ్గరి పూర్వులు అవియే.

ఇక దీని లోగుట్టు. రెండేసి దారులు గల ఎంపికలు పది వచ్చినచో, లెక్క ప్రకారము 1,024 ముగింపులు కావలెను. ఇరువది వచ్చినచో 10,48,576. ఇన్ని కథలు ఏ రచయితయు వ్రాయలేడు, ఏ సంస్థయు బొమ్మకట్టలేదు. కావున చీలిన పాయలను కొంతదూరము పోనిచ్చి మరల ఒక్కటిగా కలుపుదురు. ఆటగాడు కుడిచేతి దారి పట్టినను ఎడమచేతి దారి పట్టినను మూడవ ఘట్టమున ఆ వంతెన కూలవలసినదే. గోదావరి తీరమువారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తి అయిన నాటినుండి డెల్టా నీరు తన యిచ్ఛ వచ్చినట్లు పారుట మానినది. ఏ కాలువకు ఎంత, ఏ లాకు ఎప్పుడు తెరువవలెను, ఏ తూము ఎంతసేపు మూయవలెను అనునది నీరు నిర్ణయించునది కాదు. కాలువ మొదటనున్న రైతు గట్టుపై నిలిచి నీరు వచ్చుచున్నదని సంతసించును; శివారు రైతు అదే నీటికై రాత్రింబవళ్లు కాచుకొనియుండును. కథాక్రీడలో ఆటగాడు మొదటి రైతు వంటివాడు. లాకు తాళము వ్రాసినవాని చేతిలో నున్నది. శివారున నున్నవారు ఇతర పాత్రలు. విమర్శకులు చాలమంది ఆటగానికి నిజమైన స్వేచ్ఛ ఉన్నదా లేదా అని వాదించుచుందురు కాని, శివారు వారిని గూర్చి అడుగువారు తక్కువ.

ఫ్రాన్సు దేశమున డోంట్‌నాడ్ అను సంస్థ 2015లో ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ అను ఆటను వెలువరించెను. మ్యాక్స్ అను 18 ఏండ్ల విద్యార్థినికి కాలమును కొంత వెనుకకు త్రిప్పు శక్తి కలుగును. అన్న మాట బాగుగ తగులకున్నచో కాలమును వెనుకకు లాగి వేరొక మాట అనవచ్చును. ఆటగాండ్రు మురిసిన సంగతి ఇదియే. తప్పు చేసి దిద్దుకొనుటకు మించిన వరమేమున్నది? కాని ఎదుటనున్న మనిషి వైపు నుండి ఒకసారి చూడవలెను. ఆమె స్నేహితురాలు క్లోయీకి తుడిచివేయబడిన సంభాషణ తెలియదు. తాను ఒకసారి కోపించితినని, ఒకసారి ఏడ్చితినని, ఒకసారి మరణించితినని కూడ ఆమె ఎరుగదు. మ్యాక్స్ ఆమెను పదిమార్లు పరీక్షించి పదునొకండవమారు సరియైన మాట అనును; క్లోయీ అది మొదటి మాటయే యని నమ్మి మెత్తబడును. ఇది స్నేహమే కావచ్చును, దయయే కావచ్చును. కాని జ్ఞాపకము ఒకరికే మిగిలిన చోట ఇద్దరి నడుమ సమత్వము లేదు. తుదకు ఊరిని రక్షింపవలెనా, క్లోయీని రక్షింపవలెనా అను ప్రశ్న వచ్చును. తాను చచ్చుటకు సిద్ధమని క్లోయీయే చెప్పును. నిర్ణయము మాత్రము మ్యాక్స్ చేయవలెను. ఇచ్చట ఆట వ్రాసినవారు తమకు తెలిసియో తెలియకయో ఒక కఠినసత్యము చెప్పిరి: ఎవరి ప్రాణము పణముగా నున్నదో వారి మాట సలహా మాత్రమే.

అదే ఆటలో మరియొక ఘట్టము కలదు. న్యాయముగ చెప్పవలెనన్నచో ఆట అంతటికిని అదియే తలమానికము. కేట్ అను బాలిక తోటివారి అవమానములకు తాళలేక ప్రాణము తీసుకొనుటకై వసతిగృహము మిద్దె ఎక్కును. మ్యాక్స్ అచ్చటికి చేరునప్పటికి ఆమె శక్తి ఉడిగిపోవును. కాలము వెనుకకు మరలదు. అంతవరకు కేట్ ఏమి చెప్పెనో, ఆమె గదిలో ఏమున్నదో, ఆమెకు ప్రియులెవరో విని గుర్తుంచుకొన్న ఆటగాడు ఆమెను దింపగలడు. వినక తిరిగినవాడు దింపలేడు. ఒక్క క్షణము ఇద్దరికిని ఒకే కాలము, ఒకే నేల. ఎదుటి పాత్ర ఆట వస్తువుగాక మనిషి యగుట అచ్చటనే జరుగును.

ఆడిన ఆటను తుడిచివేయు అధికారమును గూర్చి రాజమహేంద్రవరమున వేయేండ్ల క్రిందటనే తెలుగు కావ్యమొకటి పలికియున్నది. నన్నయభట్టారకుడు రాజరాజనరేంద్రుని ఆస్థానమున సభాపర్వమును తెలుగు చేసెను. జూదపు ఘట్టమును నీతిబోధగా చదువుట మన అలవాటు. జూదమాడరాదని పిల్లలకు చెప్పి ఊరకుందుము. దానిని ఆటగా చదివినచో వేరు సంగతులు కనబడును. పాచికలు వేయునది దుర్యోధనుడు కాడు, శకుని. పణమొడ్డునది ధర్మరాజు. ఆయన ఎంపికలు ఒక్కొక్కటిగ ఇరుకై, సంపద పోయి, తమ్ములు పోయి, తాను పోయి, తుదకు ద్రౌపది మిగిలెను. ఆటలో కూర్చొనని వ్యక్తి ఆటలో కాయ అయ్యెను. ఆమెకు అన్ని దారులును మూసిరి. అట్టి స్థితిలో ఆమె చేసిన పని ఏమి? ఆట నియమములోనుండియే ఒక ప్రశ్న వేసెను: తన్ను తాను ముందు ఓడెనా, నన్ను ముందు ఓడెనా? ఓడినవానికి ఒడ్డు హక్కు కలదా? సభలో భీష్మాదులకు జవాబు దొరకలేదు. వికర్ణుడొక్కడు ఆమె పక్షము పలికెను. బలము ఏమియు లేని చోట ఆట నియమమునే నిలదీయుట, పాత్రకు గల స్వాతంత్ర్యమునకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము వెదకుట కష్టము.

పిమ్మట ధృతరాష్ట్రుడు వరములిచ్చి ఆటను వెనుకకు త్రిప్పెను. ద్రౌపది మొదటి వరమున ధర్మరాజు దాస్యవిముక్తిని, రెండవ వరమున తక్కిన నలువుర విముక్తిని కోరి, మూడవదానిని నిరాకరించెను. ఇచ్చువాని చేయి ఎంత చాచియున్నను ఎచ్చట ఆపవలెనో ఆమె నిర్ణయించెను. పోయిన రాజ్యము మరల వచ్చెను. అంతయు జరుగనట్లే యయ్యెను. అయినను జరుగనట్లు కాలేదు. భీముని ప్రతిజ్ఞ తుడుచుకొని పోలేదు, సభలో జరిగిన అవమానము తుడుచుకొని పోలేదు. మరల పిలిచి అనుద్యూతమాడించి పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము విధించినను, ఆ పిమ్మట కురుక్షేత్రము తప్పలేదు. మ్యాక్స్ కాలము త్రిప్పినప్పుడు జ్ఞాపకము బలవంతురాలికి మిగులును. ధృతరాష్ట్రుడు త్రిప్పినప్పుడు జ్ఞాపకము అవమానింపబడినవారికి మిగిలెను. వ్యాసుని కథ యుద్ధము వరకు నడచుటకు ఈ భేదమే చాలును.

ఆ సభలోనే ఎవరును లెక్కింపని మనిషి ఒకడున్నాడు: ప్రాతికామి. ద్రౌపదిని తీసికొని రమ్మని దుర్యోధనుడు పంపిన సేవకుడు. ఆమె ప్రశ్న అడుగగా దానిని మోసికొని వెనుకకు వచ్చెను. మరల పొమ్మనగా సందేహించి నిలిచెను. అంతట ఆ పని దుశ్శాసనునకు పోయెను. ప్రాతికామి జాగుచేత ద్రౌపదికి కలిగిన మేలు ఏమియు లేదు. కాని ఆ జాగు అతడు చేయగలిగిన పనులలోనెల్ల పెద్దది. లూకస్ పోప్ అను రచయిత 2013లో చేసిన ‘పేపర్స్, ప్లీజ్’ అను ఆట అంతయు ఈ ప్రాతికామి కథయే. ఆర్స్టోట్‌జ్కా అను కల్పిత రాజ్యపు సరిహద్దున ఒక గుమాస్తా కూర్చుండును. వచ్చినవారి పత్రములు చూచి ముద్ర వేయవలెను. ఎంతమందిని చూచిన అంత కూలి. ఇంట భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య. ఆ డబ్బులో అద్దె, కూడు, చలికి వెచ్చదనము. ఒక ముసలివాడు సరియైన పత్రములతో దాటును. వెనుకనే అతని భార్య పత్రము లేక నిలుచును. ఆమెను పోనిచ్చినచో నియమభంగము. రోజులో మొదటి రెండు తప్పులకు హెచ్చరిక, ఆ పిమ్మట జరిమానా. దయకు ఆ ఆటలో ధర కట్టబడియున్నది, ఆ ధర చెల్లించునది ఇంటిలోని కొడుకు ఆకలి. ఇరువది ముగింపులున్న ఆ ఆటలో గుమాస్తా రాజు కాడు, వీరుడు కాడు. క్రిందివారికి అతడే ప్రభుత్వము. పైవారికి అతడు ఒక ముద్ర. నూరేండ్ల కాలములో యానాం పొలిమేరలలో నిలిచిన సుంకపు బంట్రోతులకును జవానులకును ఈ రెండు ముఖములును పరిచితములై యుండవలెను.

బాలలను గూర్చి మరియొక ఆట చెప్పవలెను. కాలిఫోర్నియాలోని టెల్‌టేల్ అను సంస్థ 2012లో ‘ది వాకింగ్ డెడ్’ అను ఆటను ఐదు భాగములుగ వెలువరించెను. చచ్చినవారు లేచి తిరుగు లోకము. ఆ భయానకము ఇచ్చట మనకు ప్రధానము కాదు. లీ అనునతడు పూర్వము అధ్యాపకుడు, నేరస్థుడై శిక్షపడినవాడు. అతనికి క్లెమెంటైన్ అను చిన్నపిల్ల దారిలో దొరకును. ఆటగాడు లీగా వర్తించుచు అబద్ధమాడినను దొంగిలించినను ఎవరినైన చంపినను తెరపై ఒక మూల చిన్న అక్షరములలో ఒక వాక్యము కనబడును: క్లెమెంటైన్ దీనిని గుర్తుంచుకొనును. యంత్రములో అది ఒక గుర్తు మాత్రమే. ఉన్నదో లేదో అని వ్రాసి పెట్టుకొను చిన్న గడి. ఒక్కొక్కప్పుడు దాని ఫలితము శూన్యము. అయినను ఆ వాక్యము చదివిన ఆటగాని చేయి వణకినది. అధికారమంతయు పెద్దవానిది, జ్ఞాపకము పిల్లది. పైన చెప్పిన మ్యాక్స్ కథకు ఇది తలక్రిందులు. ఎన్నుకొనువాడు తన్ను చూచుచున్న కన్నులను మరువజాలని కథ ఇది.

2013 చివర మొదలై 2014లో ముగిసిన రెండవ కథలో క్లెమెంటైనే నాయిక. ఆమెకు పదునొకండేండ్లు. ఇప్పుడు జవాబులు ఎన్నుకొనునది ఆమె. కాని పెద్దలు ఆమె మాట వినరు. వలదన్న దారినే పోవుదురు, కలహింపవలదన్నచో కలహింతురు. ఆటగాండ్రలో కొందరు ఇందుకు విసుగుకొనిరి. ఏది నొక్కినను అదే జరిగినప్పుడు నొక్కుటెందుకని వారి వాదము. ఆ వాదములో సగము న్యాయమున్నది. వ్రాయుటకు ఓపిక లేక పాయలన్నిటిని కలిపివేసి దానికి విధి యని పేరు పెట్టు రచయితలు ఉన్నారు. వారిని క్షమింప నక్కరలేదు. కాని బాలిక కథలో ఆమె మాట చెల్లకపోవుట లోపము కాదు, అది వస్తువు. ఆటగాడు కొన్ని గంటలు భరింపలేకపోయిన దానిని లోకమున సగముమంది పుట్టుకనుండి భరించుచున్నారు.

ఫ్రెంచివారిదే మరియొక ఆట, క్వాంటిక్ డ్రీమ్ సంస్థవారి ‘డెట్రాయిట్: బికమ్ హ్యూమన్’, 2018లో వచ్చెను. అందు మనుషులకు సేవ చేయు యంత్రమానవులు తిరుగబడుదురు. కారా అను పనికత్తె యంత్రమునకు యజమాని కదలవలదని ఆజ్ఞ ఇచ్చి, పై అంతస్తునకు కూతురిని కొట్టుటకు పోవును. ఆమె కన్నులయెదుట ఆ ఆజ్ఞ ఎఱ్ఱని గోడగా నిలుచును. ఆటగాడు నొక్కి నొక్కి ఆ గోడను పగులగొట్టవలెను. చూచుటకు ఉత్తేజకరమే. ఆలోచింపగా ఒక చిక్కు కలదు. కారా గోడ పగులగొట్టుట కారా ఇచ్ఛయా, ఆటగాని ఇచ్ఛయా? దాసి విముక్తిని ప్రభువు బొటనవ్రేలు నిర్ణయించినచో అది విముక్తియేనా? పైగా బస్సు వెనుక భాగమున యంత్రములను నిలువబెట్టుట మొదలగు చిహ్నములను అమెరికాలోని నల్లవారి నిజమైన బాధలనుండి అరువు తెచ్చి, ఆ చరిత్రను గూర్చి అంతగా చెప్పక పోవుట ఆ ఆటలోని దౌర్బల్యము. ప్రతి అధ్యాయము చివర తాము నడచిన దారియు నడువని దారులును చెట్టుబొమ్మగా చూపుట మాత్రము దాని నిజాయితీ. ఎన్ని కొమ్మలు వ్రాసితిమో చూడుడని రచయితలు చేయి విప్పి చూపినట్లు.

నిజమైన చరిత్రలో అట్టి చెట్టుబొమ్మ ఎవరును చూపరు. యానాం రేవు నుండి 1828లో 15 మంది తెలుగువారు ఒడంబడికపై కూలికై బూర్బన్ దీవికి ఓడ ఎక్కిరి. నేడు దానిని రియూనియన్ అందురు. నాటికి అచ్చట బానిసత్వము చట్టసమ్మతము. 1848లో గాని రద్దు కాలేదు. ఈ 15 మంది బానిసలు కారు. కాగితముపై వారు ఒప్పుకొన్నవారు. చదువురానివాడు చూడని సముద్రము ఆవల తెలియని పనికి ఇచ్చు ఒప్పుకోలును చట్టము ఎంపిక యని పిలిచెను.

బలాబలములు సమానముగ లేని ఆటను మన పల్లెలవారు దాచక, అందముగ, నేలపై సుద్దతో గీచికొని ఆడిరి. పులిజూదమున పులులు మూడు, మేకలు పదునైదు. పులి దుమికి మేకను తినును. మేక ఎవరిని తినలేదు, దుముకలేదు. ఒక్కొక్క గడి జరుగుటయే దాని శక్తి. ఒకే నియమముతో ఇద్దరును ఆడుదురన్న బూటకము ఆ ఆటలో లేదు. మేకల పక్షము గెలువవలెనన్నచో పులి కదలుటకు చోటు లేకుండ చుట్టు మూయవలెను. ఆ లోపల నాలుగైదు మేకలు పోవును. ఏ మేక పోవలెనో మేకలవాడు నిర్ణయించును, మేక కాదు. అరుగుమీది ఆ ఆట ఆడిన ముసలివారిని అడిగినచో పులులతో ఆడుట సులభమనియు మేకలతో గెలుచుట విద్య యనియు చెప్పుదురు. క్రొత్త ఆటలు చేయువారు విదేశముల వైపు చూచుటకు ముందు ఆ గీతల వైపు ఒకసారి చూచిన మేలు.

నాటకములోనికి వచ్చినచో, 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన కన్యాశుల్కము ఈ విషయమునకు గని. కథ అంతయు సుబ్బి పెండ్లిని ఆపుటకే నడచును. సుబ్బి మాట మాత్రము దాదాపుగ వినబడదు. ఆమెకు బదులుగ మహేశమను బాలుడు ఆడువేషము వేసికొని పెండ్లిపీటలపై కూర్చుండును. ఆమె విముక్తి కూడ ఆమె లేకయే జరుగును. దారులన్నిటిని త్రిప్పునది మధురవాణి. సంఘమున ఆమెకు పీట లేదు, ఆస్తిలేదు, గౌరవము లేదు. ఎవరికి ఏమి కావలెనో తెలిసికొనుటయే ఆమె బలము. గురజాడవారు ఆమెకు అధికారము ఈయలేదు, చాతుర్యము ఇచ్చిరి. ఈ రెండింటి భేదము ఎరిగిన రచయిత చేతిలోననే బలహీనపాత్రకు ప్రాణము వచ్చును. నేటి కథాక్రీడలలో ఇట్టి పాత్రలు అరుదు. బలహీనులను రక్షింపవలసినవారుగనో, బలి కావలసినవారుగనో వ్రాయుట వారికి అలవాటైనది.

యానాం కథలో మరియొక చీలిక మిగిలియున్నది. దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి అధికారమునుండి విడివడెను. ఆ యేడు అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపమున కీళూరులో 178 మంది ప్రతినిధులు ఓటు వేయగా 170 మంది భారతదేశ విలీనమును కోరిరి. భారత ఫ్రెంచి ప్రభుత్వములు 1956 మే 28న సంధిపత్రము వ్రాసికొనెను. అది 1962 ఆగస్టు 16న అమలునకు వచ్చెను. ఆ పత్రము ప్రకారము ఆ స్థావరములలో పుట్టి అచ్చటనే కాపురమున్న ఫ్రెంచి పౌరులు భారత పౌరులగుదురు. ఫ్రెంచి పౌరసత్వమునే నిలుపుకొనదలచినచో ఆరు నెలలలోపల వ్రాతమూలమున తెలుపవలెను. రెండు జవాబులు, ఒక గడువు. నొక్కనివానికి కూడ ఒక జవాబు ముందుగనే వ్రాసియున్నది. అన్నలు ఒకదేశమును తమ్ములు ఒకదేశమును అగుటకు వీలున్న ఆరు నెలలు అవి.

అందులో పిల్లలను గూర్చి ఒక నిబంధన కలదు. పెండ్లికాని, 18 ఏండ్లు నిండని బిడ్డల పౌరసత్వము తండ్రి వ్రాతను బట్టి నిర్ణయమగును. తండ్రి లేనిచో తల్లి వ్రాతను బట్టి. ఆ బిడ్డల పేర్లు తండ్రి పత్రములోనే వ్రాయవలెను. 1963 ఫిబ్రవరి నడుమ గడువు తీరెను. ఆ నెలలో యానాం వీధులలో గోలీలాడుచుండిన పిల్లలకు తాము ఏ దేశపువారమో నిర్ణయమైపోయెను.